గొర్రెలు తోలే కుక్కల పోటీలు: పుట్టుగుణం, శిక్షణ, మార్కుల పట్టిక

దూరాన వాలు మీద మేస్తున్న గొర్రెలను కుక్క చుట్టివెళ్ళి, బెదరగొట్టకుండా కదిలించి, యజమాని దగ్గరికి తోలుకురావాలి. ఆపైన అతను చెప్పిన దిక్కుకు తోలుకుపోవాలి. గుంపులోంచి ఒకటి రెండింటిని విడదీసి, చివరికి దొడ్డిలో పెట్టాలి. ఈ పనికి మార్కులు వేసే పోటీనే షీప్‌డాగ్ ట్రయల్ అంటారు. బ్రిటన్ కొండసీమల్లో రూపం దిద్దుకున్న ఈ పోటీ తర్వాత యూరప్ ఖండానికీ ఉత్తర అమెరికాకూ పాకింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీ దేశాలకు తమ సొంత పద్ధతులున్నాయి. చూసేవాళ్ళకు ఇదంతా ఈలకు ఆడే కుక్క ఆటలా కనిపిస్తుంది. ఏమీ తెలియని జంతువుకు మనిషి ఒక్కొక్కటే నేర్పి, చెప్పినట్టల్లా చేయించుకుంటున్నాడని అనుకుంటాం. మార్కులు వేసే పట్టికను దగ్గరపెట్టుకుని చూస్తే మాత్రం ఆ ఊహ నిలబడదు.

అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ నిర్వహించే జాతీయ స్థాయి పోటీల్లో ఒక్కో న్యాయనిర్ణేత చేతిలో 110 మార్కులుంటాయి. ఔట్‌రన్ అనే చుట్టుపరుగుకు 20, లిఫ్ట్ అనే తొలి కదిలింపుకు 10, ఫెచ్ అంటే తోలుకురావడానికి 20, డ్రైవ్ అంటే తోలుకుపోవడానికి 30, షెడ్ అనే విడదీతకు 10, దొడ్డిలో పెట్టడానికి 10, ఒకే ఒక్క గొర్రెను వేరుచేసి ఆపడానికి 10. మొదటి మూడింటికీ కలిపి 50. ఈ మూడూ మంచి జాతి కుక్క పిల్లగా ఉన్నప్పుడే, ఎవరూ చెప్పకుండానే, అరకొరగానైనా చేసి చూపించే పనులు. మిగతా 60 మార్కుల పనుల్లో ముఖ్యమైనవి దాని పుట్టుగుణానికి ఎదురీదేవి. కనుక శిక్షకుడి ముందున్న చిక్కు ఒక్కటే: ఆ యాభైని చెడగొట్టుకోకుండా ఈ అరవైని సంపాదించడం. శిక్షణలో ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఈ చిక్కు దగ్గరే పుడతాయి.

పోటీల చరిత్ర కూడా ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అంతకు కొద్దికాలం ముందే చిన్న పోటీలు జరిగిన ఆధారాలున్నా, బ్రిటన్‌లో నమోదైన మొదటి పోటీ 1873 అక్టోబరు 9న వేల్స్‌లోని బాలా ఊళ్ళో జరిగింది. రివ్‌లాస్ ఎస్టేట్ యజమాని రిచర్డ్ జాన్ లాయిడ్ ప్రైస్ దాన్ని ఏర్పాటు చేశాడు. వేల్స్‌లో కాపురమున్న థామ్సన్ అనే స్కాట్లండ్ మనిషి, స్కాట్లండ్ నెత్తురున్న ట్వీడ్ అనే కుక్కతో గెలిచాడు. సొంతగడ్డ మీద పెట్టిన పోటీ పొరుగువాడికి పోవడం వేల్స్ కాపరులకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1906లో స్కాట్లండ్‌లోని హాడింగ్టన్‌లో అంతర్జాతీయ సొసైటీ ఏర్పడింది. అంతకు ముందే, 1893లో, ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ ఇంట హెంప్ అనే కుక్క పుట్టింది. తండ్రి రాయ్ నెమ్మదస్తుడు, గొర్రెలను చూపుతో కట్టేసే గుణం తక్కువ. తల్లి మెగ్‌కు ఆ గుణం మరీ ఎక్కువ. ఇద్దరి మధ్య సమతూకంలో పుట్టిన హెంప్ మొరగకుండా, కరవకుండా, కంటిచూపుతో, ఒంటి ఒడుపుతో గొర్రెలను కదిలించేదని పేరు. నేటి బోర్డర్ కోలీ కుక్కలన్నీ దాదాపుగా దాని సంతతే. గొర్రెలను కుక్క కలవరపెట్టకూడదన్నది పోటీ నియమాలు పుట్టించిన ఆదర్శమేమీ కాదు. అలాంటి కుక్కలు కాపరుల చేతికి వచ్చాయి, ఆ పని తీరే మార్కుల పట్టికలో కొలబద్దగా స్థిరపడింది. బోర్డర్ కోలీ అన్న పేరు సొసైటీ కార్యదర్శి జేమ్స్ రీడ్ 1915లో వాడడంతో నిలిచింది. 1976లో బీబీసీ ‘వన్ మ్యాన్ అండ్ హిజ్ డాగ్’ మొదలుపెట్టాక పొలంగట్ల మీది ఈ పోటీ పట్నాల ఇళ్ళల్లోకి వచ్చింది. 2002లో మొదటి ప్రపంచ పోటీని మళ్ళీ బాలాలోనే పెట్టారు. ఈసారి వేల్స్‌కు చెందిన ఆలెడ్ ఓవెన్ గెలిచాడు, 2008లో మరోసారి గెలిచాడు.

పుట్టుగుణం అంటే ఇక్కడ ఏమిటో తేల్చుకోవాలి. జంతు ప్రవర్తనను పరిశీలించిన రేమండ్ కోపింజర్ దాన్ని వేట క్రమంతో పోల్చి వివరించాడు. తోడేలు జాతి జంతువు వేటలో వరసగా గమనిస్తుంది, చూపు నిలుపుతుంది, నక్కి నడుస్తుంది, తరుముతుంది, పట్టి కరుస్తుంది, చంపుతుంది. బోర్డర్ కోలీలో మధ్య మెట్లు, అంటే చూపు, నక్కడం, తరమడం, బాగా పెరిగి, కరవడం, చంపడం అణగిపోయాయి. మందకు కాపలా ఉండే కుక్కల్లో దాదాపు అన్ని మెట్లూ అణగిపోయాయి, అందుకే అవి గొర్రెల నడుమ గొర్రెల్లా పడుకుంటాయి. ఇక రెండో గుణం స్థానం ఎంచుకోవడం. పిల్ల కుక్కను గొర్రెల దగ్గర వదిలితే, అది చుట్టూ తిరిగి మనిషికి సరిగ్గా ఎదురు దిక్కున, గొర్రెలు తమ మధ్య ఉండేలా నిలబడుతుంది. మనిషి కదిలితే అదీ కదిలి మళ్ళీ ఎదురు స్థానం పట్టుకుంటుంది. దీన్నే బ్యాలెన్స్ అంటారు. 2022 చివర్లో ‘సెల్’ పత్రికలో ఎలైన్ ఆస్ట్రాండర్ బృందం ప్రచురించిన జన్యు పరిశోధన, గొర్రెలు తోలే కుక్కల వంశాల్లో మెదడు నాడీ తంతువుల అల్లికకు సంబంధించిన జన్యువుల దగ్గర ప్రత్యేకమైన తేడాలున్నాయని చూపింది. అంటే ఈ గుణం ఇంటి పెంపకంతో అబ్బింది కాదు, మెదడు ఏర్పడే దశలోనే వేళ్ళు దిగినదని చెప్పడానికి ఆధారం దొరికింది.

గొర్రెల వైపు నుంచి చూసినా ఈ గుణానికి అర్థం కనిపిస్తుంది. ఆండ్రూ కింగ్ బృందం 2012లో గొర్రెలకు జీపీఎస్ పరికరాలు కట్టి, కుక్క దగ్గరపడినప్పుడు ప్రతి గొర్రే మంద నడిమికి చేరాలని చూస్తుందని లెక్కలతో చూపింది. 2014లో స్ట్రోంబోమ్, కింగ్, మరికొందరు కలిసి రాసిన పత్రం కుక్క పనిని రెండు నియమాలకు కుదించింది: గొర్రెలు చెదిరి ఉంటే అంచున ఉన్నదాన్ని మందలోకి చేర్చు, మంద గుమిగూడి ఉంటే వెనకనుంచి గమ్యం వైపు నెట్టు. కంప్యూటర్‌లో ఈ రెండు నియమాలతోనే కుక్క బొమ్మ పెద్ద మందను తోలింది, నిజం కుక్కలా వెనక అటూ ఇటూ ఊగుతూ నడిచింది కూడా. ఇంత తక్కువ నియమాలతో మంద కదులుతుంటే శిక్షణ ఎందుకన్న ప్రశ్న సహజం. ఆ నమూనాలో గొర్రెలు ఎటు పోవాలో ముందే రాసిపెట్టి ఉంది. నిజం కుక్క పుట్టుకతో తెచ్చుకునే గమ్యం ఒక్కటే, అది తన మనిషి. ఆ గమ్యాన్ని మార్చాల్సి వచ్చిన క్షణంనుంచి నేర్పడం మొదలవుతుంది.

నేర్పడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి కాపరుల మధ్య వాదాలున్నా కొలమానం ఒకటే: కుక్క గొర్రెను పరుగులో దాటి దాని ముందుకు వెళ్ళగలగాలి. సాధారణంగా ఎనిమిదో నెలకీ ఏడాదికీ మధ్య ఇది వస్తుంది. అంతకంటే ముందు వదిలితే, దాటలేని పిల్ల వెంటపడి తరమడమే నేర్చుకుంటుంది, లేదా తల్లిగొర్రె ఒక్క కుమ్ము కుమ్మితే జన్మంతా జంకుతుంది. ఆలోగా పేరు పలికితే రావడం, పడుకోమంటే పడుకోవడం చాలు. మొదటి పాఠాలకు కుక్కలకు అలవాటుపడ్డ నాలుగైదు గొర్రెలు, చిన్న పచ్చిక మడి కావాలి. ఇక్కడ తినుబండారాల బహుమతి ఉండదు, ఇచ్చినా తీసుకోదు. కుక్కకు కావాల్సింది గొర్రెలు. సరిగ్గా చేస్తే గొర్రెలు దాని అధీనంలో ఉండనిస్తారు. తప్పు చేస్తే మనిషి అడ్డంగా నడిచివచ్చి ఆ చోటు లాక్కుంటాడు. మనిషి వెనక్కి నడుస్తుంటే కుక్క గొర్రెలను అతని మీదికి తోలుకొస్తుంది, అతను పక్కకు తిరిగితే అదీ తిరుగుతుంది. ఆదేశాల పేర్లు ఈ తిరుగుళ్ళ మీదే అతికిస్తారు. గడియారం ముల్లు తిరిగే వైపు కుక్క ఇప్పటికే తిరుగుతుండగా ‘కమ్ బై’ అంటారు, ఎదురు వైపు తిరుగుతుండగా ‘అవే’ అంటారు. మాట ముందు, పని తర్వాత కాకుండా, పని నడుస్తుండగా మాట చెవిన పడుతుంది. ఆగడం కూడా కుక్క ఎదురు స్థానం పట్టుకుని తృప్తిగా ఉన్న చోటే నేర్పుతారు, ఎందుకంటే అక్కడ ఆగితే దాని చేతిలోంచి ఏదీ జారిపోదు. వేరే చోట ఆగమంటే గొర్రెలు పారిపోతాయని దానికి భయం. ఆ భయం మీద గెలవడం తర్వాతి నెలల పని.

చుట్టుపరుగును 20, 30 గజాలతో మొదలుపెట్టి జాతీయ పోటీల్లో ఉండే సుమారు 400 గజాల దాకా పెంచుకుంటూ పోతారు. దారి ఆకారం బేరికాయలా ఉండాలి: మనిషి దగ్గర ఇరుకుగా మొదలై, గొర్రెలకు దగ్గరయ్యే కొద్దీ వెడల్పై, వాటి వెనక్కి చేరాలి. దారి కోసుకుని దగ్గరగా వెళ్తే గొర్రెలు ముందే కదిలిపోతాయి. మనిషికీ గొర్రెలకూ మధ్య ఉండే ఊహారేఖను దాటి రెండో పక్కకు వెళ్తే మార్కులు భారీగా పోతాయి. దారిలో ఆపి మళ్ళీ పంపితే, అదనపు ఈల వేస్తే, దానికీ కోత. ఈ కోతలు వేసేవాళ్ళు చెబుతున్నది స్పష్టమే: ఇక్కడ మీరు కుక్కను నడపకూడదు. ఇంత దూరంలో తప్పు దిద్దడమూ కుదరదు. కాబట్టి దూరంలో కనిపించిన తప్పును దిద్దాలంటే మళ్ళీ 30 గజాలకు వెనక్కి రావలసిందే, పోటీ వచ్చే వారంలోనే ఉన్నా సరే. తొలి కదిలింపుకు పట్టేది కొన్ని క్షణాలే, మార్కులు 10. గొర్రెలు కుక్కను మొదటిసారి చూసి, ఇది తొందరపాటుదో నమ్మదగినదో తేల్చుకునే ఘడియ అది. మెత్తగా కదిలితే మిగతా పరుగంతా గొర్రెలు సాఫీగా నడుస్తాయి. ఉలిక్కిపడి కదిలితే చివర దొడ్డి తలుపు దగ్గర ఆ లెక్క తేలుతుంది. అనుభవమున్న న్యాయనిర్ణేతలు ఆ కొన్ని క్షణాలను చూసే కుక్క రకాన్ని చాలావరకు పసిగడతారు.

గొర్రెలు మనిషి వెనకగా తిరిగాక డ్రైవ్ మొదలవుతుంది. కుక్కను నడిపే మనిషి, అంటే హ్యాండ్లర్, తను నిలబడే స్తంభం దగ్గరనుంచి కదలకూడదు. కుక్క గొర్రెలను అతనికి దూరంగా, 7 గజాల సందున్న గేట్ల జతలోంచి, అడ్డంగా మరో జతలోంచి, తిరిగి విడదీసే వలయం వరకు, త్రికోణంలో తోలుకుపోవాలి. ఇప్పటివరకూ ప్రతి గుణమూ గొర్రెల ముందుకు వెళ్ళి వాటిని తన మనిషి దగ్గరికి తిప్పమని చెప్పింది. ఇప్పుడు వాటి వెనకే ఉండి, మనిషికి వీపు చూపించి, అతని కళ్ళు కనపడకుండా నడవమంటున్నారు. దీన్ని నేర్పేటప్పుడు శిక్షకుడు మొదట కుక్క పక్కనే నడుస్తాడు, తర్వాత ఒక అడుగు వెనకబడతాడు, తర్వాత పది. తనూ అతనూ కలిసి తోలుతున్నామని కుక్కకు అనిపించాలి, మెల్లగా అతను ఆగిపోయినా ఆ భావన మిగలాలి. ఇది చాలా తొందరగా మొదలుపెడితే కుక్క చుట్టుపరుగులో వెనక్కి చేరకముందే ఆగి ‘ఇక్కడినుంచి తోలమంటారా’ అన్నట్టు నిలబడుతుంది. చాలా ఆలస్యంగా మొదలుపెడితే ముందుకు దూకడం అలవాటై డ్రైవ్‌లో కట్టడి ఉండదు. పాఠాల వరస ఎందుకు ముఖ్యమో ఇక్కడ తేటగా తెలుస్తుంది: యాభైకి పునాది గట్టిపడ్డాకే అరవైలో చేయి పెట్టాలి, అటుపైన కూడా మధ్యమధ్య ఉత్త చుట్టుపరుగులు చేయించి పాత గుణానికి ఊపిరి పోయాలి.

దూరం పెరిగాక గొంతు చాలదు, ఈల కావాలి. రేకు ముక్కను మడిచినట్టుండే చిన్న ఈలను పళ్ళ మధ్య పెట్టుకుని ఊదుతారు. ఏ ఆదేశానికి ఏ ఈల అన్నదానికి ఊరుమ్మడి నియమం లేదు, ఎవరి బాణీలు వారివి. రెండు కుక్కలను ఒకేసారి నడిపే జంట పోటీల్లో ఒక్కో కుక్కకు వేరే బాణీల సెట్టు ఉంటుంది, లేకపోతే రెండూ ఒకే వైపు పరుగెత్తుతాయి. ఈలకు ఇంకో గుణముంది: అదే బాణీని సాగదీసి మెత్తగా ఊదితే నెమ్మదిగా తిరగమని, విరిచి గట్టిగా ఊదితే వేగంగా తిరగమని కుక్కకు తెలుస్తుంది. ఆదేశాల పట్టికలో కుక్కకు తెలిసిన మాటలు పది పన్నెండు మించకపోయినా, నేర్పరి హ్యాండ్లర్ వాటితో చాలా ఎక్కువ చెప్పగలుగుతాడు.

విడదీత మరింత ఎదురీత. గుంపుగా ఉంచడానికే పుట్టిన కుక్కను, గుంపులో సందు చేసి, ఆ సందులోంచి మనిషి దగ్గరికి దూసుకురమ్మని, వచ్చి ఒక భాగాన్ని పక్కకు నెట్టుకుపొమ్మని అడగాలి. జాతీయ పోటీలో ఐదు గొర్రెల్లో రెండింటికి మెడపట్టీలుంటాయి. 40 గజాల వలయంలో పట్టీల్లేని రెండింటిని విడదీసి, తర్వాత పట్టీ ఉన్న ఒకదాన్ని ఒంటరి చేయాలి. నేర్పేటప్పుడు మొదట ఇరవై ముప్ఫై గొర్రెలను పెట్టుకుంటారు, సందు వెడల్పుగా దొరుకుతుందని. దొడ్డిలో పెట్టడంలో మనిషి గేటు తాడు వదలకుండా నిలబడి సగం పని చేస్తాడు, అది కుక్కకు శిక్షణ కంటే ఓర్పుకు పరీక్ష. ఏటా జరిగే ఇంటర్నేషనల్ సుప్రీమ్ ఫైనల్‌లో ఈ ఎదురీత చివరి హద్దు చూడవచ్చు. కుక్క సుమారు 800 గజాలు వెళ్ళి పది గొర్రెలను తెస్తుంది. వాటిని సగం దారిలో వదిలేసి, ‘లుక్ బ్యాక్’ అన్న పిలుపుకు వెనుదిరిగి, తన కంటికి కనిపించని మరో పదింటి కోసం మైదానం రెండో మూలకు పరుగెత్తాలి. చేతిలో ఉన్న గొర్రెలను వదలమనడం దానికి ఎంత విడ్డూరమైన కోరికో ఆలోచించండి. రెండు గుంపులూ కలిశాక మొత్తం ఇరవైలోంచి పట్టీలున్న ఐదింటిని మిగిల్చి, పదిహేనింటిని విడదీయాలి. సమయం 30 నిమిషాలు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది పొలం పని చేసే కాపరులే తరచు అనేది: పోటీ కుక్క పూర్తిగా ఈల చాటు కుక్క, సొంత బుద్ధి ఉండదు, ఈనుతున్న గొర్రె దగ్గరో, ముళ్ళపొదల్లో చిక్కిన గొర్రె దగ్గరో పనికిరాదు. దీనిలో కొంత నిజముంది. త్రికోణంలో గీత గీసినట్టు తోలడానికి మార్కులున్నాయి కనుక, ప్రతి అడుగూ ఆదేశించి గీత దిద్దే హ్యాండ్లర్లు తయారయ్యారు. అలా మితిమీరి ఆదేశించిన కుక్క రెండు మూడేళ్ళకు గొర్రెలను చదవడం మానేసి ఈల కోసం చెవి రిక్కిస్తుంది. కానీ ఇది పోటీ తప్పు అనడం కంటే పట్టికలోని అరవైనే చూసి యాభైని మరిచినవారి తప్పు అనడం సబబు. స్కాట్లండ్ కొండల మీద మనుషులను ఎరగని బ్లాక్‌ఫేస్ గొర్రెలతో పోటీ పెడితే, ఈల కుక్క చెవిని చేరి అది కదిలేలోపే గొర్రెలు దారి మళ్ళుతాయి. ముందే పసిగట్టి అడ్డుపడే కుక్కే అక్కడ నిలుస్తుంది. కుక్కలకు అలవాటుపడి, మనిషి కాళ్ళకు అడ్డంపడే గొర్రెలతో పెట్టే చిన్న పోటీల్లో ఈ తేడా బయటపడదు, అక్కడి విజయాలను బట్టి కుక్కను అంచనా వేయడం పొరపాటు. పని విలువ మాటకొస్తే, సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆస్ట్రేలియా రైతులను అడిగి 2014లో ప్రచురించిన లెక్కలో, ఒక సాధారణ కుక్క జీవితకాలంలో చేసే పని విలువ 40,000 ఆస్ట్రేలియా డాలర్ల చుట్టూ తేలింది, అంటే పెట్టిన ఖర్చుకు ఐదు రెట్లు పైన. అది పోటీ కుక్కల లెక్క కాదు, పొలం కుక్కలది. కానీ పొలానికి కావలసిన చుట్టుపరుగు, నెమ్మది కదిలింపు, ఆగడం అన్నవే పోటీలోనూ మొదటి సగం.

రెండో అభ్యంతరం ఎదురు దిక్కునుంచి వస్తుంది: అంతా నెత్తురులోనే ఉంది, శిక్షణ పైపూత. 1965లో విస్టన్ క్యాప్ అనే కుక్క రెండేళ్ళు నిండకముందే జాక్ రిచర్డ్‌సన్‌తో సుప్రీమ్ గెలిచింది. తర్వాత దాని సంతతి ఎంతగా వ్యాపించిందంటే దాని పేరు లేని వంశవృక్షం వెతుక్కోవాల్సిందే. రెండేళ్ళలోపు శిక్షణతో అంతటి గెలుపు ఎలా సాధ్యమని అడుగుతారు. నెత్తురు లేకపోతే ఆ వయసులో సాధ్యం కాదు, నిజమే. కానీ జర్మనీలో బోర్డర్ కోలీల పోటీ ఫలితాల మీద చేసిన జన్యు విశ్లేషణల్లో మార్కుల్లో వంశపారంపర్యంగా వచ్చే వాటా చాలా తక్కువని తేలింది. పుట్టుగుణం లేదని దీని అర్థం కాదు. పోటీ దాకా వచ్చిన కుక్కలన్నిటిలో ఆ గుణం ఉండనే ఉంది, వాటి మధ్య మార్కుల తేడా మనిషి చేతినుంచి, ఆ రోజు గొర్రెలనుంచి ఎక్కువగా వస్తోందని అర్థం. కుక్కను కొనేవాళ్ళు తల్లిదండ్రుల ట్రోఫీలను చూసి ధర కడతారు. తల్లిదండ్రులు ఈల లేకుండా మొదటి 400 గజాలు ఎలా వెళ్తాయో చూస్తే వాళ్ళకు ఎక్కువ తెలుస్తుంది. పని చేసేవాళ్ళు ప్రదర్శన పోటీలను ఎందుకు అనుమానంగా చూస్తారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1976లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్బు, 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు బోర్డర్ కోలీని రూపాన్ని బట్టి గుర్తించినప్పుడు, అమెరికాలో పని కుక్కల పెంపకందార్లు గట్టిగా ఎదిరించారు. అంతర్జాతీయ సొసైటీ మాత్రం తల్లిదండ్రుల నమోదు లేని కుక్కనైనా పని చూసి జాబితాలో చేర్చుకునే దారి ఇప్పటికీ తెరిచే ఉంచింది.

మూడోది కరుణకు సంబంధించిన అభ్యంతరం, తేలిగ్గా కొట్టేయదగింది కాదు. గొర్రెకు కుక్క ఎప్పుడూ వేటగాడే, అది ఎంత మర్యాదగా నడిచినా గొర్రె గుండె దడ ఆగదు. పోటీ నియమాలు కొంతవరకు గొర్రె పక్షానే ఉన్నాయి: అనవసరంగా కరిచిన కుక్కను పోటీలోంచి తప్పిస్తారు, గొర్రెలను పరుగెత్తించడం మార్కులు కోస్తుంది. నియమాల కన్ను పడనిది శిక్షణ రోజుల్లో ఒకే గొర్రెలను పదేపదే వాడడం మీద. అది ఆయా శిక్షకుల మనస్సాక్షికి వదిలేసిన సంగతిగానే ఉంది. కుక్క మీద షాక్ పట్టీలు వాడడాన్ని వేల్స్ 2010లో చట్టంతో నిషేధించింది. నైతికత పక్కనపెట్టి, పని లెక్కతో చూసినా ఆ పట్టీ నష్టమే. నొప్పి వచ్చిన క్షణంలో కుక్క చూపు గొర్రె మీద ఉంటే, నొప్పి గొర్రెవల్లే వచ్చిందనుకుంటుంది. తర్వాత తప్పు మానడానికి బదులు గొర్రెలనే తప్పించుకు తిరుగుతుంది, యాభై మార్కుల గుణం అక్కడే ఆరిపోతుంది. మనిషి అడ్డంగా నడిచివచ్చి చోటు లాక్కోవడం అనే పాత పద్ధతిలో కుక్కకు కారణం కళ్ళెదుట కనిపిస్తుంది.

పట్టిక మారితే శిక్షణ మారుతుందనడానికి ఇతర దేశాల పోటీలు రుజువు. న్యూజిలాండ్‌లో నోరెత్తకుండా చుట్టివెళ్ళే హెడింగ్ కుక్కలకు, మొరిగి గుట్ట మీదికి తోలే హంట్‌అవే కుక్కలకు వేర్వేరు పోటీలున్నాయి. అక్కడ మొరగడం తప్పు కాదు, పని. ఆస్ట్రేలియాలో మూడే గొర్రెలతో, మనిషి మైదానం వెంట నడుస్తూ, వంతెన, ఇరుకు సందు, దొడ్డి దాటించే పోటీ ప్రసిద్ధం. అన్నిటికంటే భిన్నమైనది జర్మన్ షెపర్డ్ కుక్కలది. అక్కడి మంద పోటీలో కనీసం రెండు వందల గొర్రెలుంటాయి. కాపరి ముందు నడుస్తాడు, గొర్రెలు అతని వెంట పోతాయి. కుక్క వెనక్కి వెళ్ళి తోలుకురావలసింది ఏమీ లేదు. మేత మడి అంచున, దున్నిన చాలు వెంట నిరంతరం పహరా తిరిగి, పక్క పైరులోకి ఒక్క గొర్రె మూతి పెట్టకుండా చూడాలి, రోడ్డు మీద వాహనాలొస్తే మందను ఒక పక్కకు ఒదిగించాలి. గొర్రె మొండికేస్తే మెడ మీదో, పక్కటెముకల మీదో, తొడ మీదో గాయం కాకుండా పట్టి వదలడం అక్కడ మెచ్చదగ్గ గుణం. బ్రిటిష్ పోటీలో అదే పని కుక్కను ఇంటికి పంపించేస్తుంది.

మన దక్కనులో గొల్లలు, కురుమలు మందను నడిపే తీరు చూస్తే ఈ జర్మన్ పద్ధతే దగ్గరగా కనిపిస్తుంది. కాపరి ముందు నడుస్తూ కూత వేస్తాడు, జీవాలు వెంట వస్తాయి. కంచెల్లేని పొలాల మధ్య ఇరుకు బాటలో రెండు పక్కలా పైరే. రాత్రికి ఎరువు కోసం మందను ఏదో రైతు పొలంలో పడుకోబెడతారు. కుక్క ఉంటే తోడేలు, దొంగల నుంచి కాపలాకే ఉంటుంది, పైన చెప్పిన కాపలా కుక్కల రకానికి దగ్గర. గుట్టల మీద కాపరి లేకుండా నెలల తరబడి మేసే మందలుంటేనే 400 గజాల చుట్టుపరుగుకు పని ఉంటుంది. నెల్లూరు, దక్కని జాతుల గొర్రెలను రోజంతా మనిషి కంటి ముందే మేపే చోట ఆ గుణం అక్కరలేకపోయింది. ఇవాళ మన నగరాల అపార్ట్‌మెంట్లలో బోర్డర్ కోలీలను పెంచుతున్నవాళ్ళు ఈ తేడాను పట్టించుకోవాలి. గొర్రెలు దొరకని చోట ఆ చూపు, ఆ చుట్టుతిరుగుడు సైకిళ్ళ మీదికీ పిల్లల మీదికీ మళ్ళుతుంది. బంతి విసిరి ఎంత అలసిపోయేలా చేసినా ఆగే పాఠం దానికి అబ్బదు, ఎందుకంటే ఆగడం నేర్పేది బ్యాలెన్స్ దొరికిన చోట కలిగే తృప్తే, బంతికి అలాంటి చోటు లేదు.